జూరిచ్ నగరము నేర్చిన పాఠము : వ్యసనము, చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

  

రజతోత్సవ సభలయందు గ్రంథాలయ మహిమను గూర్చి ప్రసంగించుట పరిపాటి. అయితే చదివినది ఊరికి పనికివచ్చుటకంటె గ్రంథాలయమునకు వేరొక ప్రశంస యక్కరలేదు. అందుచేత నేటి ప్రసంగమునకు ఒక దూరదేశపు నగర వృత్తాంతము విషయముగా గ్రహింపబడినది. ఆ నగరము స్విట్జర్లాండు దేశమందలి జూరిచ్. లండను, న్యూయార్కులవలె అది మహానగరము కాదు. 1990 ప్రాంతమున దాని జనసంఖ్య సుమారు మూడున్నర లక్షలు. సరస్సు ఒడ్డున, నది కిరువైపుల, బ్యాంకులకును పరిశుభ్రతకును పేరుపడిన మధ్యరకపు పట్టణమది. అట్టి పట్టణము మత్తుమందుల పాలబడి, యూరపునందంతటను అపకీర్తి పొంది, పిమ్మట తేరుకొన్నది. ఎట్లు పడినది, ఎట్లు తేరుకొన్నది యనుటయే విచారణీయము.

ఏ ఊరనైనను ఒక ఇంటి బిడ్డ త్రాగుడునకో, గంజాయికో, మరియొక మత్తునకో చిక్కినప్పుడు ఆ ఇంటివారు మొదట చేయు పని దాచుట, రెండవది తిట్టుట, మూడవది కొట్టుట, కడపటిది విడిచిపెట్టుట. చికిత్స యను మాట ఈ నాలుగును అయిన తరువాతగాని నోటికి రాదు. అప్పటికి ఇల్లును ఒళ్ళును రెండును గుల్లయై యుండును. జూరిచ్ నగరమును సరిగా ఈ నాలుగు మెట్లును ఎక్కి, పడి, ఐదవ మెట్టు నెరిగినది. అందుచేతనే ఆ కథ తెలుగు పల్లెకును వినదగినది.

మొదట వ్యసనమను మాటను పరికింపుడు. ధర్మశాస్త్రకారులు రాజులకు వర్జింపదగిన వ్యసనములను చెప్పుచు, వానిలో ఏడింటిని ఘోరములుగా ఎంచిరి. పానము, జూదము, స్త్రీలోలత, వేట అను నాలుగును కామమువలన పుట్టినవి. వాక్పారుష్యము, దండపారుష్యము, అర్థదూషణము అను మూడును క్రోధమువలన పుట్టినవి. పురాణకాలక్షేపములలో ఈ పట్టికను విననివారు అరుదు. కాని అందలి స్వారస్యము పలువురి దృష్టికి రాలేదు. త్రాగువాని పేరు ఏ పట్టికలో ఉన్నదో, వానిని నోటికి వచ్చినట్లు తిట్టువాని పేరును, మేర మీరి దండించువాని పేరును ఆ పట్టికలోనే ఉన్నవి. ఒక వ్యసనమును మరియొక వ్యసనముతో మాన్పించుట సాధ్యము కాదని దీని తాత్పర్యము. ఈ సత్యమును జూరిచ్ నగరము పదునైదేండ్లు నష్టపడి తెలిసికొన్నది.

ఇక మందు సంగతి. గసగసాల కాయను గీయగా కారిన పాలు ఎండి నల్లమందగును. నొప్పికిని విరేచనములకును వైద్యులు దానిని తరతరములుగా వాడిరి. 1805 ప్రాంతమున సెర్‌ట్యూర్నర్ అను జర్మను యువకుడు దానినుండి మార్ఫీనును వేరుచేసెను. 1874లో లండనునందు ఒక రసాయనజ్ఞుడు మార్ఫీనునుండి మరింత తీవ్రమైన పదార్థమును పుట్టించెను. 1898లో బేయర్ కంపెనీవారు దానికే హెరాయిన్ అని పేరిడి దగ్గుమందుగా అమ్మిరి. ఔషధముగా పుట్టినదే విషముగా మారుట లోకమున క్రొత్త కాదు. మోతాదు తప్పినను, అవసరము తప్పినను అమృతమైనను విషమే.

శరీరమునందు ఇది చేయు పని యేమి? నొప్పిని అణచుటకు, మనస్సునకు ఊరట కలిగించుటకు శరీరము తనంతట తానే నల్లమందును పోలిన ద్రవ్యములను చేసికొనును. 1975లో స్కాట్లాండునందలి ఆబర్డీన్ నగరమున హ్యూజెస్, కోస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు వీనిని కనుగొనిరి. బయటినుండి హెరాయిన్ వచ్చి ఆ స్థానము నాక్రమించినప్పుడు కలుగు సుఖము సహజముగా కలుగు సుఖముకంటె అనేక రెట్లు ఎక్కువ. అప్పు సులభముగా దొరకుచున్నంతకాలము సొంత రాబడిని అశ్రద్ధ చేయు గృహస్థునివలె శరీరము క్రమముగా తన సొంత శక్తిని తగ్గించుకొనును. నిన్నటి మోతాదు నేటికి చాలదు. అప్పు ఆగిననాడు వడ్డీతో సహా అన్నియు ఒక్కమారుగా మీద పడును. కన్నులు, ముక్కు కారుట, ఒళ్ళునొప్పులు, వణకు, వాంతులు, విరేచనములు, నిద్రలేమి ఒక వారము వరకు పీడించును. ఆ స్థితిలో మనిషి సుఖమునకై మందు వెదకడు. ఆ బాధ తొలగుటకై వెదకును. చూచువారు దానిని కొవ్వుగా భావింతురు. అది వ్యాధి.

ఇచట ఒక ప్రాణసంకటమైన విషయమును మరువరాదు. కొన్ని వారములు మందు లేకుండ గడపినవానికి పూర్వపు మోతాదును తట్టుకొను శక్తి పోవును. అట్టివాడు చెరసాలనుండియో, చికిత్సాలయమునుండియో వెలువడి, పాత స్నేహితులను కలసి, పాత మోతాదునే ఎక్కించుకొన్నచో ఊపిరి ఆగి మరణించును. “బాగుపడి వచ్చినాడు” అని ఇంటివారు సంతోషించు దినములే అత్యంత భయావహములు. నాలొక్సోన్ అను మందును సకాలమున ఇచ్చినచో ఆగిన ఊపిరి తిరిగి రాగలదు. అయినను దాని ప్రభావము త్వరగా తగ్గును గనుక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును.

ఇట్టి హెరాయిన్ 1970 దశకమున జూరిచ్ ప్రవేశించెను. 2006లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము ఆ ప్రాంతమున 1975లో క్రొత్తగా ఆ మందునకు దిగినవారు సుమారు 80 మంది. 1990 నాటికి ఒక్క సంవత్సరమునందే 850 మంది. మొదట పట్టణము ఈ విషయమును చూడనట్లు నటించెను. పిమ్మట పోలీసులు వారిని ఒక చౌకునుండి మరియొక చౌకునకు తరుముచుండిరి. తరిమినకొలది గుంపు స్థలము మారినదేకాని తగ్గలేదు.

అంతలో ఎయిడ్స్ వ్యాధి వచ్చెను. ఒకే సూదిని పదిమంది వాడుటవలన అది దావానలమువలె వ్యాపించెను. 1985లో ఆ ప్రాంతపు ఆరోగ్యాధికారి ఈ రోగులకు శుభ్రమైన సిరంజులు ఇచ్చుటను నిషేధించి, ఇచ్చిన వైద్యుల అనుమతి రద్దగునని హెచ్చరించెను. మత్తుమందు మానిపించుటకు సూదులు దొరకకుండ చేయుట మార్గమని అతని భావము. కాని మందు మానలేదు. సూది మాత్రము మురికిదయ్యెను. వందలకొలది వైద్యులు ఆ ఆజ్ఞను పాటింపమని బహిరంగముగా సంతకములు చేసిరి. 1986లో నిషేధము తొలగెను. వైద్యుని ధర్మము రోగి ప్రాణమును కాపాడుట. రోగి గుణమును విమర్శించుట తరువాతి మాట అని ఆనాడు స్థిరపడెను.

1987 మొదలు ఆ గుంపు ప్లాట్జ్‌స్పిట్జ్ అను ఉద్యానమున నిలిచెను. అది ముఖ్య రైలుస్టేషను వెనుక, జాతీయ ప్రదర్శనశాల ప్రక్కన, సీల్, లిమ్మట్ అను రెండు నదులు కలియుచోట నున్నది. తెలుగువారికి నదీసంగమము తీర్థము. అచట సంగమము శ్మశానతుల్య మయ్యెను. ఒక్కచోట నుండిన అదుపులో నుండునను తలంపుతో అధికారులు చూచి చూడనట్లుండిరి. దినమునకు వేయిమందికి పైగా అచటికి వచ్చుచుండిరి. చుట్టుప్రక్కల జిల్లాలనుండియు, పొరుగు దేశములనుండియు జనము చేరిరి. పట్టపగలు, చెట్లక్రింద, బిడ్డలు ఆడుకొనవలసిన పచ్చికపై సూదులు గుచ్చుకొనుచుండిరి. కొందరు వైద్యులును సేవకులును అచటనే నిలిచి శుభ్రమైన సూదులు దినమునకు వేలకొలది పంచిరి. స్పృహ తప్పినవారికి ఊపిరి పోసి వేలమారులు బ్రతికించిరి. ఆ చిత్రములు లోకమంతట ప్రచురితము లయ్యెను. “సూదుల తోట” అని ఆ స్థలమునకు పేరు వచ్చెను.

1992 ఫిబ్రవరి 5వ తేదీన ఆ తోటకు తాళము వేసిరి. పెద్దమనుషులు హర్షించిరి. కాని లోపలినుండి వెళ్ళగొట్టబడినవారు ఎచటికి పోవలయునో ఎవ్వరును ఆలోచింపలేదు. పడకలు లేవు, చికిత్సాలయములు చాలవు. జనము వీధులలో, ఇండ్ల మెట్లమీద, వాకిళ్ళలో చెదరిపడిరి. కొలది కాలమునకు నదికి కొంచెము దిగువన, రైళ్ళు ఆగుట మానిన లెట్టెన్ స్టేషనువద్ద మరల పోగైరి. ఈమారు మందు అమ్మువారి ముఠాలు బలపడి హింసయు పెచ్చుపెరిగెను.

1995 ఫిబ్రవరిలో లెట్టెనును మూసివేసిరి. చిత్రమేమన, మరల మరియొక తోట తలయెత్తలేదు. చేసినది ఒకే పని. మొదటిమారు వికటించెను, రెండవమారు ఫలించెను. ఈ భేదమునకు హేతువు తెలిసికొన్నవాడు వ్యసన చికిత్సలో సగము తెలిసికొన్నట్లే. 1992లో తాళము మాత్రమే సిద్ధముగా నుండెను. 1995లో తాళముతోబాటు తలుపులును సిద్ధముగా నుండెను. మెథడోన్ అను మందు వైద్యుల ద్వారా విరివిగా ఇచ్చుటకు ఏర్పాటు జరిగెను. హెరాయిన్‌నే వైద్యుల కనుసన్నలలో ఇచ్చు చికిత్సాలయములు ప్రారంభమయ్యెను. పగటివేళ వచ్చి కూర్చుండుటకు, స్నానము చేయుటకు, గాయములకు కట్టు కట్టించుకొనుటకు ఆశ్రయములు, రాత్రి తలదాచుకొనుటకు పడకలు నెలకొల్పబడెను. పరాయి ప్రాంతములవారిని వారి వారి ఊళ్ళకు పంపి, అచటనే చికిత్స జరుగునట్లు చూచిరి. అమ్మువారిని పట్టుటకు పోలీసులును చెరసాలలును సిద్ధమయ్యెను. నివారణ, చికిత్స, అపాయమును తగ్గించుట, శాసనము అను ఈ నాలుగింటిని స్విస్సు ప్రభుత్వము నాలుగు స్తంభములుగా చెప్పినది. ఏ ఒక్క స్తంభము లేకున్నను పందిరి ఒరగును.

ఇక మెథడోన్ సంగతి. ఇది 1930 దశకపు చివర జర్మనీలో తయారైన మందు. 1960 దశకమున న్యూయార్కులో డోల్ అను వైద్యుడును, నైస్‌వాండర్ అను వైద్యురాలును దీనిని హెరాయిన్ వ్యసనమునకు చికిత్సగా నిరూపించిరి. హెరాయిన్ ప్రభావము కొన్ని గంటలలో దిగిపోవును గనుక దాని దాసుడు దినమునకు మూడు నాలుగు మారులు వెదకులాడవలయును. మెథడోన్ నోటితో తీసికొన్నచో ఒక్క మోతాదు ఒక దినమంతయు నిలుచును. సరియైన మోతాదులో మైకము కలుగదు, బాధయు నుండదు, పనికి పోవుటకు, పిల్లలను చూచుకొనుటకు తీరిక చిక్కును.

“ఒక మత్తు మాన్పి మరియొక మత్తు నిచ్చుటయా చికిత్స?” అని జూరిచ్ నగరమున పలువురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము భారతమునందలి నలోపాఖ్యానమున కలదు. జూదమున సర్వమును కోల్పోయి అడవికి వచ్చిన ధర్మరాజునకు బృహదశ్వుడు చెప్పిన కథ యది. నలుడు స్వభావముచేత దుర్మార్గుడు కాడు. కలి వానిలో ప్రవేశించెను. జూదము మాన్పలేక మంత్రులును, పౌరులును, దమయంతియు ఓడిరి. నలుడు రాజ్యము పోగొట్టుకొని, కడకు నిద్రించుచున్న భార్యను అడవిలో విడిచిపోయెను. వ్యసనపరుని ఇల్లాలికి ఈ ఘట్టము వ్యాఖ్యానింపనక్కరలేదు. పిమ్మట కర్కోటకుడు నలుని కరచెను. ఆ విషము నలుని చంపలేదు. లోపలనున్న కలిని పీడించెను. నలుని రూపము మారెను. బాహుకుడను పేరుతో ఋతుపర్ణుని కొలువున వంటవాడై, సారథియై పనిచేసెను. చిరకాలమునకు ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్య నేర్చినంతనే కలి ఆ విషమును క్రక్కుచు బయటికి వచ్చెను.

కొలతతో వేసిన విషము, ఒక ఆశ్రయము, చేతినిండ పని, తన జబ్బుయొక్క మర్మము నెరిగిన జ్ఞానము, వెదకుచున్న బంధువు, చాలినంత కాలము—ఇవి కలిసి నలుని బాగుచేసినవి. ఇందు ఏదియు ఒంటరిగా చాలదు. మెథడోన్ ఒక్కటే ఇచ్చి పని చూపనిచోట రోగి తేరుకొనడు. అయితే ఒక్క విషయమున ఈ పోలిక కుదరదు. నలుడు కడపట మరల పాచికలాడి రాజ్యము గెలిచెను. మత్తునుండి బయటపడినవాడు “ఇప్పుడు నాకు అదుపు వచ్చినది” అని మరల రుచి చూచుట తగదు.

ఆయుర్వేదమును ఈ మార్గమును ఎరుగును. చరకసంహిత చికిత్సాస్థానమున మదాత్యయమునకు, అనగా త్రాగుడువలన కలుగు రోగమునకు, ప్రత్యేకాధ్యాయమే కలదు. అందు త్రాగువాడు దోషియని కాక రోగియనియే భావింపబడెను. అలవాటుపడిన అహితమును ఒక్కమారుగా గాక పాదము పాదముగా విడువవలయునని సూత్రస్థానము విధించెను. జూరిచ్ వైద్యులు చరకుని చదివియుండకపోవచ్చును. సత్యము మాత్రము రెండుచోట్ల ఒకటే.

మెథడోన్ వలనను కుదురుకొననివారు కొందరుండిరి. వారికై 1994లో స్విట్జర్లాండు ఒక సాహసకార్యమునకు పూనుకొనెను. ఏండ్ల తరబడి వ్యసనమున మునిగి, ఇతర చికిత్సలన్నియు విఫలమైన వయోజనులకు మాత్రమే, చికిత్సాలయములో, నర్సుల ఎదుట, శుద్ధమైన హెరాయిన్‌ను కొలిచి ఇచ్చిరి. ఇంటికి కొనిపోనీయలేదు. దానితోబాటు వైద్యము, ఇల్లు, పని విషయములందును సాయము చేసిరి. ఉచ్‌టెన్‌హాగెన్ అను మానసిక వైద్యాచార్యుడు ఈ పరీక్షకు అధ్యక్షుడు. వేయిమందికి పైగా రోగులు చేరిరి. 1997లో ఫలితములు ప్రకటింపబడెను. అక్రమ మార్గములవలన రాబడి పొందువారు నూటికి 69 నుండి 10కి తగ్గిరి. స్థిరమైన ఉద్యోగము గలవారు నూటికి 14 నుండి 32కు పెరిగిరి.

జమాఖర్చులు చూచువారికి మరియొక లెక్క రుచించును. ఒక రోగికి దినమునకు ఖర్చు 51 ఫ్రాంకులు. దొంగతనములు, కోర్టులు, చెరసాలలు, ఆసుపత్రులు తగ్గుటవలన సంఘమునకు మిగిలినది 96 ఫ్రాంకులు. ఖర్చు పోను దినమునకు ఒక రోగివలన 45 ఫ్రాంకులు లాభము. దయ చూపుట దండుగయని వాదించువారికి ఈ అంకెలే సమాధానము. అయినను న్యాయము చెప్పవలెనన్న, ఈ పరీక్షలో ఒక లోపము కలదు. హెరాయిన్ ఇయ్యక తక్కిన సాయము మాత్రము చేసిన జట్టు ఒకటి పోల్చుటకు లేదు. కావున మేలు మందువలన ఎంత, ఆదరణవలన ఎంత యని విడదీయుట కుదరలేదని 1999లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తరఫున పరిశీలించిన నిపుణులు చెప్పిరి. పిమ్మట హాలెండు, జర్మనీ దేశములలో అట్టి జట్లతో పోల్చి పరీక్షలు చేయగా, కడగండ్లపాలైన రోగులకు ఈ చికిత్స మేలని తేలెను.

ఇంకొక విశేషము. ఇదంతయు మంత్రులో వైద్యులో రహస్యముగా చేసినది కాదు. ఊరూర జనము ఓటు వేసి నిర్ణయించినది. 1997లో చికిత్సను కేవలము కఠిన నిషేధమునకే పరిమితము చేయవలెనను ప్రతిపాదనను నూటికి 70 మంది త్రోసివేసిరి. 1998లో మత్తుమందులను చట్టబద్ధము చేయవలెనను ప్రతిపాదనను నూటికి 74 మంది త్రోసివేసిరి. అనగా కొరడాయు వలదనిరి, కళ్ళెము విడుచుటయు వలదనిరి. 1999లోను, మరల 2008లోను వైద్యుల పర్యవేక్షణలో హెరాయిన్ చికిత్సను అంగీకరించిరి. 2008లో నూటికి 68 మంది అనుకూలురు. మధ్యేమార్గమును పండితులు చెప్పుట సులభము. రైతులు, గుమాస్తాలు, వర్తకులు ఓటు వేసి నిలుపుట గొప్ప.

ఫలము కంటికి కనబడినది. 1990 దశకారంభమున స్విట్జర్లాండులో మత్తుమందులవలన ఏటేట దాదాపు 400 మంది మరణించుచుండగా, 2000 నాటికి ఆ సంఖ్య ఇంచుమించు సగమయ్యెను. జూరిచ్ ప్రాంతమున క్రొత్తగా హెరాయిన్‌కు దిగినవారు 850 నుండి 2002 నాటికి 150కి పడిపోయిరి. వ్యసనపరులను వైద్యులు చేరదీసినచో యువకులు మరింత చెడిపోవుదురని భయపడినవారి భయము తలక్రిందులయ్యెను. హెరాయిన్ తిరుగుబాటుదారుని ఆడంబరముగా గాక, చికిత్సాలయమున వరుసలో నిలుచు రోగి మందుగా కనబడినప్పుడు యువకులకు దానిపై మోజు పోయెనని పరిశోధకుల ఊహ. ప్లాట్జ్‌స్పిట్జ్ నేడు మరల ఉద్యానమే.

అంతమాత్రమున జూరిచ్ రామరాజ్యమైనదని తలంపరాదు. ఇటీవలి సంవత్సరములలో పొగగా పీల్చు కొకెయిన్ అచట క్రొత్త చిక్కు తెచ్చినది. కొకెయిన్‌కు మెథడోన్ వంటి ప్రత్యామ్నాయపు మందు లేదు. ఓర్పుతో మాటలాడుట, పని, ఇల్లు, సాంగత్యము మార్చుట—ఇవియే సాధనములు.

ఇక తెలుగునాటి విషయము. భారత ప్రభుత్వము 2019లో ప్రకటించిన జాతీయ గణన ప్రకారము దేశమున సుమారు 16 కోట్ల మంది మద్యము సేవింతురు, వారిలో 5.7 కోట్ల మందికి దానివలని హానికై సాయము అవసరము. గంజాయి, భంగు వాడువారు సుమారు 3.1 కోట్లు, నల్లమందు జాతి మందులు వాడువారు సుమారు 2.26 కోట్లు. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందెనని ఆ గణనయే చెప్పుచున్నది. తక్కిన ముప్పదియేడుగురు ఎచట నున్నారు? అరుగులమీద, కాలువగట్లమీద, ఇండ్ల వెనుక గదులలో నున్నారు. అది కంటబడని ప్లాట్జ్‌స్పిట్జ్. ఊరూర చెదరియున్నది గనుక దానికి పేరు లేదు, అంతియే.

కావున పల్లెలయందు ఎరుగవలసిన కొన్ని విషయములు ఇచట చెప్పుట అవసరము. మొదటిది: బహుకాలము విడువక త్రాగినవానిని గదిలో వైచి హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయము. మానిన రెండు మూడు దినములలో వణకు, మూర్ఛ, లేనివి కనబడుట, మతి తప్పుట కలిగి మరణము సంభవింపవచ్చును. హెరాయిన్ మానుటలో బాధ మెండు, ప్రాణభయము తక్కువ. మద్యము మానుటలో ప్రాణభయమే కలదు. అది ఆసుపత్రిలో, వైద్యుని ఎదుట జరుగవలసిన పని. రెండవది: త్రాగువానికి తెలియకుండ అన్నములో మాన్పుడు మందు కలుపుట పలుచోట్ల కలదు. డైసల్ఫిరాం వంటి మందు కడుపులో నుండగా త్రాగినచో గుండెకు ముప్పు. దానిని రోగి యెరిగి, సమ్మతించి, వైద్యుని ఆజ్ఞతోనే తీసికొనవలయును. మూడవది: గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. మద్యము, మత్తుమందులవలన కలుగు మానసిక రుగ్మతలును ఆ చట్టపు పరిధిలోనివే. గొలుసు వేయు కేంద్రము ఎంత పేరుగలదైనను అచట బిడ్డను విడువరాదు.

నాలుగవది: కేసు భయముచేత చికిత్సకు పోనివారు పలువురు. 1985 నాటి మత్తుమందుల చట్టమునందే, స్వల్పపరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా ప్రభుత్వ గుర్తింపుగల చోట చికిత్స పొందినచో అభియోగమునుండి మినహాయింపు పొందు మార్గము 64ఎ అను సెక్షనులో కలదు. చికిత్సను నడుమ విడిచిన ఆ రక్షణ పోవచ్చును. అమ్మువానికిని, వాడువానికిని చట్టమే భేదము పాటించుచుండగా ఊరివారు పాటింపకుండుట తగదు. ఐదవది: మరల పడుట ఓటమి కాదు. చక్కెరవ్యాధి గలవాడు పండుగనాడు పథ్యము తప్పినచో ఎవ్వరును వానిని ఇల్లు వెళ్ళగొట్టరు. మరల వైద్యుని వద్దకే కొనిపోవుదురు. ఇదియు అట్టిదే. దోవ తెలియనివారు 14446 అను కేంద్రప్రభుత్వ ఉచిత దూరవాణి సంఖ్యకు పిలిచి అడుగవచ్చును.

దోషమును క్షమించుటయేనా ఇది? కాదు. భార్యను కొట్టినవాడు, పొరుగువాని ఇంట దొంగిలించినవాడు దానికి జవాబు చెప్పవలసినదే. జూరిచ్ నగరము శాసనమను స్తంభమును విడువలేదు. కాని నేరమునకు దండన వేరు, రోగమునకు మందు వేరు. రెండింటిని ఒకే కర్రతో చేయబూనుటయే పొరపాటు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా అన్ని కులములవారును, అన్ని వయసులవారును భయము లేక ప్రవేశించు స్థలముగా నున్నది. సిగ్గుచేత ఆసుపత్రికి పోలేనివాడు సైతము పత్రిక చదువు నెపమున ఇచటికి రాగలడు. గోడమీద ఆ దూరవాణి సంఖ్యయు, సమీపమున చికిత్స దొరకు ప్రభుత్వ ఆసుపత్రి పేరును పెద్ద అక్షరములతో వ్రాసియుంచుట కష్టము కాదు. అడుగవచ్చినవాని ముఖము చూచి నవ్వకుండుట అంతకంటె ముఖ్యము.

నలుడు తప్పిపోయినప్పుడు దమయంతి చేసిన పని యేమి? తాను పడిన కష్టమును మరచెనని కాదు; అడవిలో విడువబడిన ఇల్లాలి బాధ ఆమెకు తెలియనిది కాదు. అయినను బ్రాహ్మణులను దేశదేశములకు పంపి, ఒక్క ప్రశ్నను ఊరూర చదివించెను. ఆ ప్రశ్నకు బాహుకుని కన్నులు చెమర్చినవి. వికృతరూపమున నున్న ఆ వంటవానిలో నలుడు ఇంకను మిగిలియున్నాడని ఆ కన్నీరే తెలిపినది. వెదకువారున్నంతకాలము తిరిగివచ్చువారును ఉందురు. ఊరిలో తప్పిపోయిన బిడ్డలను దండించుటకు పూర్వము వెదకుడని ఈ రజతోత్సవ సభకు విన్నపము.

స్వస్తి.